టాబ్లెట్టు తెరయు, బ్యాటరీయు: తరతరమునకు మాఱిన లెక్క

మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతములనుండి మా పాఠశాలకు బాలబాలికలను పంపు తల్లిదండ్రులు ఇటీవలి సంవత్సరములలో మమ్ము తఱచుగా నడుగు ప్రశ్న యొకటి కలదు. "మాస్టరుగారూ, పిల్లవాని చదువునకు టాబ్లెట్టు కొనవలెనని యున్నది. పాత తరముది సగము వెలకు దొరకుచున్నది. క్రొత్తదాని తెర చూడ ముచ్చటగా నున్నది. దేని బ్యాటరీ ఎక్కువసేపు నిలుచును? ఏది కొనుమందురు?" అని వారడుగుదురు. ఇది చిన్న ప్రశ్న కాదు. కర్మాగారములలో కూలికి పనిచేయువారికిని, కూరగాయలు పండించి అంగడికి పంపువారికిని టాబ్లెట్టు వెల యనగా నెల సంపాదనలో పెద్దభాగము. ఆ ధనము తెర తళుకునకే పోయి, పరీక్షల ముందటి రాత్రి కరెంటు లేని వేళ ఆ పలక చీకటియైనచో నష్టము బిడ్డదే.

2020వ సంవత్సరము సెప్టెంబరు 1వ తేదీన మన రాష్ట్రమున దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్‌ల ద్వారా బడిపాఠములు మొదలైనప్పటినుండి తెరమీద చదువుట మన గృహములలో నొక అలవాటైనది. కావున ఈ వ్యాసమున మేము ఏ కంపెనీ సరకును మెచ్చుటకు గాని, తెగడుటకు గాని పూనుకొనలేదు. ఒక తరమునుండి మఱియొక తరమునకు తెర మెఱుగైనప్పుడు ఆ మెఱుగునకు వెల ఎవరు చెల్లించిరి, దేని రూపమున చెల్లించిరి యను విషయమును మాత్రము లెక్కతో వివరింపదలచితిమి. ఈ లెక్క తెలిసినవారు అంగడివాని మాటలకు లోబడరు.

చెఱువును, తూమును

శామీర్‌పేట పెద్దచెఱువును చూడని విద్యార్థి మా పాఠశాలలో లేడు. ఆ చెఱువు నీరు ఎన్ని దినములు వచ్చునని యెవరైన నడిగినచో, చెఱువులో నీరెంత యున్నదో చెప్పిన చాలదు. తూము ఎంత తెఱచియున్నదో కూడ చెప్పవలెను. చెఱువు పెద్దదైనను తూము పూర్తిగా తెఱచిన శీఘ్రముగా ఎండును. చెఱువు చిన్నదైనను తూము కొంచెముగా తెఱచిన చాలకాలము నిలుచును. టాబ్లెట్టునందు బ్యాటరీయే చెఱువు. తెర, దానిని నడపు యంత్రభాగములు, గాలిలో వార్తలను పంపి గ్రహించు రేడియో భాగము, ఇవన్నియు తూములు. వీటిలో పెద్దతూము సాధారణముగా తెరయే.

చెఱువు నీటిని కొలుచుటకు కొలత యున్నట్లే బ్యాటరీయందలి శక్తిని కొలుచుటకు వాట్ గంట యను కొలత కలదు. ఒక వాటు చొప్పున ఒక గంట వాడిన శక్తి ఒక వాట్ గంట. మన ఇంటి మీటరులోని యూనిట్టు ఇట్టివి వేయి. బ్యాటరీలో 25 వాట్ గంటల శక్తి యుండి, పరికరము సగటున 2.5 వాట్లు వాడుచుండినచో, 25ను 2.5చే భాగింపగా పది గంటలు వచ్చును. ఈ భాగహారమే మా వ్యాసమునకు మూలము.

అయితే అంగడిలో పెట్టెమీద వాట్ గంటలకు మాఱుగా మిల్లీ ఆంపియర్ గంటలు అను పెద్ద సంఖ్యను ముద్రింతురు. ఆ సంఖ్యను వేయిచే భాగించి, బ్యాటరీ వోల్టులచే గుణించినగాని వాట్ గంటలు రావు. టాబ్లెట్టుల బ్యాటరీలు సాధారణముగా 3.7 లేక 3.8 వోల్టులవి. ఉదాహరణకు 5,100 మిల్లీ ఆంపియర్ గంటల బ్యాటరీ యనగా సుమారు 19 వాట్ గంటలు. కాని 11.1 వోల్టుల లాప్‌టాప్ బ్యాటరీ 4,000 మిల్లీ ఆంపియర్ గంటలదే యైనను అది 44 వాట్ గంటలను దాచుకొనును. పెద్ద సంఖ్య యున్నచోట పెద్ద శక్తి యున్నదని భ్రమపడరాదు.

తెర వెలుగు ఎచ్చటికి పోవుచున్నది?

మనము సాధారణముగా వాడు టాబ్లెట్టుల తెర తనంతట తాను వెలుగదు. దాని వెనుక చిన్న చిన్న ఎల్‌ఈడీ దీపముల వరుస యుండును. ఆ దీపకాంతి ద్రవస్ఫటికపు పొరగుండ వచ్చి మన కంటిని చేరును. అయితే ఆ దారిలో సుంకములు వసూలు చేయు గేట్లు మూడు కలవు. మొదటిది ధ్రువీకరణపు పొర. అది కాంతిలో సగముకంటె ఎక్కువను ఆపివేయును. రెండవది రంగుల పొర. ఎఱుపు, ఆకుపచ్చ, నీలము అను మూడు రంగులలో ఒక్కొక్క గడి ఒక్కదానినే పోనిచ్చును గావున మిగిలినదానిలో మూడవవంతు మాత్రమే దాటును. మూడవది తెరలోని సన్నని తీగలును, ట్రాన్సిస్టరులును. అవి తమ నీడ మేరకు కాంతిని అడ్డగించును. ఇన్ని సుంకములు చెల్లించిన పిమ్మట, నూఱు పాళ్ల కాంతిలో మన కంటికి చేరునది పది పాళ్లు కూడ నుండదు.

ఈ మూడవ గేటే తరముల కథకు కీలకము. తెరమీది బొమ్మ చిన్న చుక్కలతో నేర్పడుచున్నది. ఆ చుక్కలను పిక్సెళ్లందురు. చుక్కలు సన్ననైన కొలది అక్షరము స్ఫుటముగా కనబడును. కాని ప్రతి చుక్కకును తీగలు, ట్రాన్సిస్టరులు కావలెను. దీనిని కిటికీ ఊచలతో పోల్చి చూడుడు. నాలుగంగుళములకొక ఊచ చొప్పున అడ్డముగను నిలువుగను ఒక అంగుళము మందముగల ఊచలు బిగించినచో, ప్రతి 16 చదరపు అంగుళములలో 9 చదరపు అంగుళములు వెలుతురునకు తెఱపి యుండును. ఊచ మందమును తగ్గింపక, రెండంగుళములకొకటి చొప్పున బిగించినచో అదే 16 చదరపు అంగుళములలో తెఱపి 4 మాత్రమే. గదిలో మునుపటి వెలుతురే కావలెనన్న వెలుపల రెండింతలకు మించిన దీపము పెట్టవలెను. ఊచలను అర అంగుళమునకు సన్నగిల్లజేసినగాని మరల 9 చదరపు అంగుళముల తెఱపి రాదు. టాబ్లెట్టుల తయారీదారులకు సరిగా ఈ చిక్కే కలిగినది.

ఒకే వంశమున నాలుగు తరములు

దీనికి నిదర్శనముగా ఆపిల్ కంపెనీవారి ఐప్యాడ్ వంశమును గైకొందము. అది ఖరీదైన వస్తువు. మన ఊళ్లలో కొందఱి యిండ్లలోనే యుండును. అయినను 2011 మొదలు 2014 వఱకు వచ్చిన దాని పెద్దరకములన్నిటి తెర కొలత ఒక్కటే, 9.7 అంగుళములు. ప్రతి తరమునకును బ్యాటరీ ఎన్ని వాట్ గంటలదో కంపెనీవారే ప్రకటించిరి. కావున పోల్చుటకు ఇంత అనువైనది వేఱొకటి లేదు. ఈ క్రింది బరువులు వైఫై మాత్రమే గల రకములవి.

2011లో వచ్చిన ఐప్యాడ్ 2 తెరలో చుక్కలు అడ్డముగా 1,024, నిలువుగా 768, మొత్తము 7,86,432. బ్యాటరీ 25 వాట్ గంటలు. బరువు 601 గ్రాములు, మందము 8.8 మిల్లీమీటర్లు. కంపెనీవారు చెప్పిన కాలము పది గంటలు. అనగా సగటున 2.5 వాట్ల వాడుక.

2012 మార్చిలో వచ్చిన మూడవ తరమున చుక్కలు అడ్డముగను నిలువుగను రెట్టింపై మొత్తము 31,45,728 అయినవి, అనగా నాలుగింతలు. తెర అద్భుతమని లోకమంతయు కొనియాడెను. కాని ఊచలు దట్టమైనందున వెనుక దీపముల బలమును పెంచవలసివచ్చెను. అన్ని చుక్కలను నడపుటకు చిత్రములను గీయు యంత్రభాగమును కూడ పెంచవలసివచ్చెను. కంపెనీవారు మరల పది గంటలనే చెప్పిరి. అయితే ఆ పది గంటల కొఱకు బ్యాటరీని 25 నుండి 42.5 వాట్ గంటలకు పెంచిరి. సగటు వాడుక 2.5 వాట్లనుండి 4.25 వాట్లకెగసెను. బరువు 652 గ్రాములైనది, మందము 9.4 మిల్లీమీటర్లైనది. క్రొత్త తరము పాతదానికంటె బరువై, లావై వచ్చుట ఆ వంశమున అదియే మొదటిసారి.

ఇంకొక వెల కలదు. అది ప్రకటనలలో కనబడదు. మూడవ తరమువారికి కూడ మునుపటి 10 వాట్ల చార్జరునే యిచ్చిరి. 25 వాట్ గంటల చెఱువు నిండుటకు 10 వాట్ల కాలువ కనీసము రెండున్నర గంటలు పాఱవలెను, 42.5 వాట్ గంటలు నిండుటకు కనీసము నాలుగుంబావు గంటలు పాఱవలెను. దారిలో వృథాయగు భాగమును కలిపిన ఇంకను ఎక్కువ. ఎప్పుడు కరెంటు వచ్చునో, ఎప్పుడు పోవునో తెలియని ఇంటివారికి ఇది అల్పవిషయము కాదు. 2012 చివర వచ్చిన నాలుగవ తరమున బ్యాటరీ అంతే యుండగా చార్జరును మాత్రము 12 వాట్లదిగా చేసిరి.

2013 నవంబరులో ఐప్యాడ్ ఎయిర్ వచ్చినది. చుక్కలు అవే, తెర కొలత అదే, పది గంటల మాటయు అదే. కాని బ్యాటరీ 32.4 వాట్ గంటలకు తగ్గినది. బరువు 469 గ్రాములకు, మందము 7.5 మిల్లీమీటర్లకు దిగినది. ఇదెట్లు సాధ్యమైనది? తెరలోని ట్రాన్సిస్టరులను మునుపటి సిలికానుతో గాక ఇండియము, గాలియము, జింకుల ఆక్సైడుతో చేసిరి. దానిలో విద్యుత్తు సులభముగా పాఱును గావున ట్రాన్సిస్టరు చిన్నదైనను చాలును. అనగా ఊచలు సన్నగిల్లినవి. వెనుక దీపముల శ్రమ తగ్గినది. 2014లోని ఎయిర్ 2 నాటికి బ్యాటరీ 27.3 వాట్ గంటలు, బరువు 437 గ్రాములు, మందము 6.1 మిల్లీమీటర్లు.

ఇప్పుడు నాలుగు సంఖ్యలను వరుసగా చూడుడు: 2.5, 4.25, 3.24, 2.73 వాట్లు. మెఱుగైన తెర వచ్చిన సంవత్సరమున వాడుక ఒక్కసారిగా పెరిగినది; తరువాతి రెండేండ్లలో నేర్పుచే దాదాపు మొదటిచోటికి దిగినది. అన్నియు మాఱినవి గాని పది గంటలు మాత్రము మాఱలేదు. 2010లోని మొదటి ఐప్యాడ్‌కు చెప్పిన పది గంటలే 2024లోని రకములకును చెప్పబడినవి.

ఇందుండి మేము గ్రహించిన సారమేమనగా, ఎన్ని గంటలు నిలువవలెనో తయారీదారు ముందే నిశ్చయించుకొనుచున్నాడు. యంత్రము పొదుపు నేర్చినప్పుడు ఆ పొదుపును గంటల రూపమున మనకియ్యడు. బ్యాటరీని చిన్నదిగా చేసి బరువు తగ్గించును. ఐప్యాడ్ ఎయిర్‌లో మూడవ తరమునాటి 42.5 వాట్ గంటల బ్యాటరీనే యుంచినచో అది పదమూడు గంటలు నడచెడిది. ఎయిర్ 2లో నుంచినచో పదునైదు గంటలు దాటెడిది. పలుచని వస్తువు అంగడిలో త్వరగా అమ్ముడుపోవును. పదునైదు గంటల లాభము కొన్న పిమ్మటగాని తెలియదు.

హైదరాబాదున కూర్చబడిన పలక

ఖరీదైన వస్తువు కథ చెప్పితిమి. ఇక చౌకదాని కథ చూతము. దానికి మనము దూరము పోనక్కఱలేదు. 2011 అక్టోబరు 5వ తేదీన ఢిల్లీలో కేంద్రమంత్రి కపిల్ సిబల్ గారు విడుదల చేసిన ఆకాశ్ అను టాబ్లెట్టు మన హైదరాబాదునందే కూర్చబడినది. డేటావిండ్ కంపెనీవారు దానిని విద్యార్థుల కొఱకు తక్కువ వెలకు తయారుచేసిరి. ప్రభుత్వము కొన్న వెల 2,276 రూపాయలు.

దాని తెర ఏడంగుళములది. చుక్కలు 800, 480. అనగా మొత్తము 3,84,000. ఐప్యాడ్ 2లోని చుక్కలలో సగము కూడ లేవు. తెర వైశాల్యమును సగము లోపే. ఇట్లుండగా బ్యాటరీ చాలకాలము నిలువవలెను గదా యని తోచును. కాని బ్యాటరీ 2,100 మిల్లీ ఆంపియర్ గంటలు మాత్రమే, 3.7 వోల్టులచే గుణింపగా సుమారు 7.8 వాట్ గంటలు. చెప్పిన కాలము మూడు గంటలు. భాగించి చూడుడు: సగటు వాడుక 2.6 వాట్లు! సగము తెర గలదియు నిండు తెర గలదియు ఇంచుమించు సమానముగానే శక్తిని వాడినవి.

ఇందుండి రెండు పాఠములు నేర్వవలసియున్నది. మొదటిది, తెర సామాన్యమైనంత మాత్రమున పొదుపు రాదు. లోపలి భాగములు పాతవైనచో అవియే శక్తిని మ్రింగును. అంతేగాక ఆకాశ్ తెరమీద వ్రేలితో గట్టిగా నొక్కినగాని పనిచేయని ఒత్తిడి పొర యుండెను; అట్టి పొర వెలుగులో కొంత భాగమును తానే ఆపివేయును. రెండవది, టాబ్లెట్టు వెలలో పెద్దభాగము తెరకును బ్యాటరీకిని పోవును గావున వెల తగ్గింపదలచినవాడు మొట్టమొదట ఆ రెండిటిమీదనే చేయివేయును.

2012 నవంబరు 11వ తేదీన రాష్ట్రపతి ప్రణబ్ ముఖర్జీ గారు ఆకాశ్ 2ను విడుదల చేసిరి. దీని తెరలో చుక్కల సంఖ్య మునుపటిదే, 800, 480. కాని ఒత్తిడి పొరకు మాఱుగా మెల్లగా తాకిన గ్రహించు తెర వచ్చినది. యంత్రము వేగము పెరిగినది. బ్యాటరీ 3,000 మిల్లీ ఆంపియర్ గంటలకు, అనగా సుమారు 11 వాట్ గంటలకు పెరిగినది. ధనవంతుల టాబ్లెట్టు అదే సంవత్సరమున చుక్కలను నాలుగింతలు చేయగా, పేద విద్యార్థి టాబ్లెట్టు ఒక్క చుక్కనైనను పెంచక బ్యాటరీని పెంచుకొనినది. ఇది వివేకముగల నిర్ణయమని మా అభిప్రాయము.

పది సంవత్సరముల పిమ్మట, 2022 డిసెంబరు 21వ తేదీన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమువారు ఎనిమిదవ తరగతి బాలబాలికలకును, వారి ఉపాధ్యాయులకును టాబ్లెట్టులను పంచుట మొదలిడిరి. వాటి సంఖ్య అయిదు లక్షలకు పైబడినది. అందు పంచిన శామ్‌సంగ్ గెలాక్సీ ట్యాబ్ ఏ7 లైట్ తెర 8.7 అంగుళములు, చుక్కలు 1,340, 800, బ్యాటరీ 5,100 మిల్లీ ఆంపియర్ గంటలు. ఆకాశ్‌తో పోల్చిన చుక్కలు దాదాపు మూడింతలు, బ్యాటరీ శక్తి రెండున్నర రెట్లు. తెరయు బ్యాటరీయు జోడెడ్లవలె కలిసి నడచినప్పుడే బండి సాఫీగా సాగునని ఇందువలన తెలియుచున్నది.

తెలుగు అక్షరమునకు ఎన్ని చుక్కలు?

సన్నని చుక్కలన్నియు వట్టి విలాసమని మేమనుటలేదు. ఆంగ్లాక్షరము ఒంటరిగా నిలుచును. మన తెలుగక్షరమునకు తలకట్టు, గుడి, కొమ్ము, క్రింద వత్తు, వత్తుక్రింద మఱియొక వత్తు ఉండును. "రాష్ట్రము", "శాస్త్రము", "లక్ష్మి" వంటి మాటలను చిన్న అచ్చులో చూపునప్పుడు చుక్కలు చాలనిచో వత్తులు ఒకదానిలో నొకటి కలిసిపోవును. చిన్నపిల్లలు తప్పుగా చదువుదురు. మన రాష్ట్రపు పాఠ్యపుస్తకములను తెరమీద చదువువారికి ఇది నిత్యానుభవము.

అయితే ఎన్ని చుక్కలు చాలును? ఆరోగ్యమైన కన్ను ఒక డిగ్రీలో అఱువదవ భాగముకంటె దగ్గఱగానున్న రెండు చుక్కలను విడదీసి చూడలేదని శాస్త్రజ్ఞులు చెప్పుదురు. ఆ లెక్కచొప్పున పలకను పదునైదు అంగుళముల దూరమున పట్టుకొని చదువువానికి అంగుళమునకు సుమారు 230 చుక్కలు మించిన లాభము లేదు. పందొమ్మిది అంగుళముల దూరమున 180 చాలును. ఆకాశ్ తెరలో అంగుళమునకు 133, ఐప్యాడ్ 2లో 132, గెలాక్సీ ట్యాబ్ ఏ7 లైట్‌లో 179, మూడవ ఐప్యాడ్‌లో 264 చుక్కలు కలవు. కావున 130 చుక్కలు తెలుగు చదువునకు కొఱత. 180 మొదలు 230 వఱకు సంతృప్తికరము. అంతకు మించినది కంటికి తెలియక బ్యాటరీకి మాత్రమే తెలియు వ్యయము.

ఎండయు, వేడిమియు

మన విద్యార్థులలో పలువురు వేపచెట్టు క్రిందనో, వాకిట అరుగుమీదనో కూర్చుండి చదువుదురు. గదిలో ప్రకాశవంతముగా తోచిన తెర అచ్చట వెలవెలబోవును. అప్పుడు వెలుగును చివరివఱకు పెంచుట సహజము. వెనుక దీపములే పెద్దతూము గావున ఆ పెంపుతో బ్యాటరీ కాలము త్వరగా తఱుగును. ఒక తరమునుండి మఱియొక తరమునకు కలుగు లాభముకంటె, వెలుగును సగమునకు దించుటవలన కలుగు లాభమే తఱచు ఎక్కువగా నుండును. ఇది ధనము ఖర్చులేని ఉపాయము.

తెర మీద పడి తిరిగివచ్చు ఎండను తగ్గించుట మఱియొక మార్గము. ఎయిర్ 2లో గాజును, తెరను నడుమ గాలిసందు లేకుండ అతికించి, ప్రతిబింబమును తగ్గించు పూత పూసిరి. అందుచే ప్రతిబింబము 56 పాళ్లు తగ్గినదని కంపెనీవారు చెప్పిరి. ఒక్క వాటైనను ఎక్కువ వాడక చూపు మెఱుగైనది. ఇంకొక మార్గమును మేరీ లూ జెప్సెన్ అను విదుషీమణి చూపినది. పేద దేశముల పిల్లల కొఱకు 2007లో వచ్చిన ఎక్స్ఓ అను చిన్న కంప్యూటరునకు ఆమె రూపొందించిన తెరలో వెనుక దీపమును ఆర్పివేసినను ఎండవెలుగులోనే నలుపు తెలుపుగా అక్షరములు కనబడెను. అట్టి తెరనే మన దేశపు నోషన్ ఇంక్ కంపెనీవారు 2011లో ఆడమ్ అను టాబ్లెట్టునందు పెట్టిరి. ఎండయే శత్రువు గాక దీపమైన తెర అది. రంగులు వెలవెలబోవుటయు వెల పెరుగుటయు కారణముగా అట్టివి అంగడిలో వ్యాపింపలేదు గాని, మన దేశపు ఎండకు తగిన ఆలోచన యని చెప్పక తప్పదు.

వేడిమి సంగతి ఇంకను ముఖ్యము. టాబ్లెట్టులలోనిది లిథియం అయాన్ బ్యాటరీ. దానిని రూపొందించిన గూడినఫ్, విటింగ్‌హామ్, యోషినో గారలకు 2019లో రసాయనశాస్త్రమున నోబెల్ బహుమానము లభించినది. ఈ బ్యాటరీ చలికంటె వేడికే త్వరగా ముసలిదగును. ఐప్యాడ్‌ను 35 డిగ్రీల సెల్సియస్ మించని చోట వాడవలెనని తయారీదారులే సూచించిరి. మన మేడ్చల్‌లో వేసవి మధ్యాహ్నము 40 డిగ్రీలు దాటును. రేకుల యింటిలో ఇంకను ఎక్కువ. కావున చార్జింగు పెట్టిన పలకను పరుపుమీదను, ఎండ తగులు కిటికీయందును, బస్సు ముందటి అద్దము దగ్గఱను ఉంచరాదు. పది గంటలు నిలిచెడి బ్యాటరీ ఇరువది పాళ్లు ముసలిదైనచో ఎనిమిది గంటలే నిలుచును. తరము ఎంత గొప్పదైనను ఆ రెండు గంటలు తిరిగిరావు.

ఇతర జాతుల తెరలు

రెండు వేఱు జాతుల తెరలను గూర్చి కొంచెము చెప్పి ముగింతుము. 2007లో వచ్చిన కిండిల్ వంటి పరికరములలో నుండునది ఎలక్ట్రానిక్ సిరా తెర. పుట మాఱునప్పుడు మాత్రమే అది శక్తిని వాడును. నిలిచిన పుటకు శక్తి అక్కఱలేదు. అందుచే బ్యాటరీ వారములకొలది నిలుచును. కాని కదలు బొమ్మల పాఠములకది పనికిరాదు. రెండవది ఓఎల్‌ఈడీ తెర. ఇందు ప్రతి చుక్కయు తానే దీపము. నల్లని చుక్క ఆఱిన దీపము. కావున నల్లని పుటమీద తెల్లని అక్షరములు చదువువానికి పొదుపు. తెల్లని పుట చదువువానికి ఆ పొదుపు లేదు. 2024లోని పదుమూడంగుళముల ఐప్యాడ్ ప్రోలో ఇట్టి దీపముల పొరలు రెండింటిని ఒకదానిపై నొకటి పేర్చిరి; మందము 5.1 మిల్లీమీటర్లు, బ్యాటరీ సుమారు 39 వాట్ గంటలు. చెప్పిన కాలము? మరల ఆ పది గంటలే.

కొనువారికి మా సలహా

తల్లిదండ్రులు అంగడిలో నాలుగు ప్రశ్నలు వేయవలెను. బ్యాటరీ ఎన్ని వాట్ గంటలు? తెర ఎన్ని అంగుళములు, అంగుళమునకు ఎన్ని చుక్కలు? చార్జరు ఎన్ని వాట్లు? పాతదైనచో బ్యాటరీ మార్చినదా, మార్చనిదా? బిడ్డ పని పాఠ్యపుస్తకము చదువుట, పాఠము చూచుట, లెక్కలు చేయుట అయినచో, 8 మొదలు 10 అంగుళముల తెర, 180కి తగ్గని చుక్కలు, ముసలిది కాని బ్యాటరీ చాలును. సన్నని తెర గల పాత టాబ్లెట్టును, సామాన్యమైన తెర గల క్రొత్త టాబ్లెట్టును ఒకే వెలకు దొరకినచో, క్రొత్తదానినే కొనవలెనని మా సలహా. ఏలయనగా తెర సన్నదనము మాఱదు గాని బ్యాటరీ దినదినమును తఱుగుచుండును.

కరెంటు బిల్లునుగూర్చి ఎవరును భయపడనక్కఱలేదు. 42.5 వాట్ గంటల బ్యాటరీని దినమునకొకసారి పూర్తిగా నింపినను సంవత్సరమునకు పదునాఱు యూనిట్లు దాటవు. వృథాను కలిపినను ఇరువది చుట్టుప్రక్కలనే యుండును. కొఱత ధనమునకు కాదు, అవసరమైన గంటలకు.

విద్యార్థులు చేయదగిన పరీక్ష

విద్యార్థులారా, మా మాటను ఊరక నమ్మవలదు. మీరే పరీక్షించి చూడుడు. మీ ఇంటిలోని టాబ్లెట్టును గాని, పెద్దల ఫోనును గాని అడిగి తీసికొని పూర్తిగా చార్జింగు చేయుడు. ముందుగా దింపుకొనిన ఒక పాఠమును తెర వెలుగు చివరివఱకు పెంచి ఒక గంట నడపి, బ్యాటరీ ఎన్ని పాళ్లు తగ్గినదో వ్రాసికొనుడు. మరల నింపి, అదే పాఠమును వెలుగు సగమునకు దించి ఒక గంట నడపుడు. నూఱును ఆ పాళ్లచే భాగించినచో మొత్తము గంటలు వచ్చును. ఉదాహరణకు గంటకు 20 పాళ్లు తగ్గినచో అయిదు గంటలు. 12 పాళ్లు తగ్గినచో ఎనిమిది గంటలకు పైగా. మూడవసారి నల్లని పుటమీద తెల్లని అక్షరములు గల పుస్తకమును, తెల్లని పుటమీద నల్లని అక్షరములు గల పుస్తకమును పోల్చి చూడుడు. భేదము కనబడనిచో మీ తెర వెనుక దీపము గలది. భేదము స్పష్టమైనచో తానే వెలుగునది. ఫలితములను పట్టికగా వ్రాసి మీ విజ్ఞానశాస్త్రపు ఉపాధ్యాయునకు చూపుడు.

చెఱువు నిండియున్నప్పుడే తూమును చూచుకొనువాడు మంచి రైతు. అట్లే బ్యాటరీ నిండియున్నప్పుడే వెలుగును తగుమాత్రముగా నుంచి, తన పాఠమును ముగించుకొను విద్యార్థికి ఏ తరపు పలకయైనను చాలును. తళుకు తెర చేతిలో నుండినను లెక్క నెఱుగనివానికి ఏ తరమును చాలదు.